యూరప్ నిబంధనలకు లోబడి పారిశ్రామిక ఇన్వర్టర్‌ను సురక్షితంగా అమర్చడం ఎలా?

మూడు ఫేజుల మోటారు వేగాన్ని నియంత్రించడానికి ప్యానెల్‌లో బిగించే ఇన్వర్టర్, అంటే మన వర్క్‌షాపుల్లో డ్రైవ్ అనీ వీఎఫ్‌డీ అనీ పిలిచే పరికరం గురించి ఈ వ్యాసం. జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో ప్యానెల్ తయారుచేసి యంత్రంతో పాటు జర్మనీకో ఇటలీకో పంపేవారికీ, ఆ యంత్రాన్ని అక్కడ నిలబెట్టి నడిపించడానికి వెళ్లే ఇంజనీర్లకూ ఇది ఉపయోగపడుతుంది. లెక్కలు స్పష్టంగా అర్థం కావడానికి ఒకే ఉదాహరణను వెంటబెట్టుకుని వెళదాం: జర్మనీలోని ఒక కర్మాగారంలో 400 వోల్టుల, 50 హెర్ట్జ్ సరఫరా మీద నడిచే 22 కిలోవాట్ల ఫ్యాన్ మోటారు, దానికి ప్యానెల్ నుంచి 60 మీటర్ల కేబుల్.

ముందుగా ఒక విషయం మనసులో ఉంచుకోండి. యూరప్ నిబంధనలకు లోబడి ఉందని తెలిపేందుకు డ్రైవ్ మీద ముద్రించిన సీఈ గుర్తు షరతులతో కూడినది. ఫలానా రకం కేబుల్ వాడితే, దాని పొడవు ఇన్ని మీటర్లు మించకపోతే, షీల్డును ఈ విధంగా బిగిస్తే, ఎర్తింగ్ ఈ విధంగా చేస్తే తమ పరికరం నిబంధనలకు లోబడి ఉంటుందని తయారీదారు మాన్యువల్‌లో రాస్తాడు. ఆ షరతులను నెరవేర్చవలసినది అమర్చే వ్యక్తి. సీఈ గుర్తులున్న పది పరికరాలను ఒక ప్యానెల్‌లో చేర్చినంత మాత్రాన ఆ ప్యానెల్‌కు సీఈ అర్హత దానంతట అదే రాదు. కింది దశలన్నిటికీ ఈ మాటే ఆధారం.

మొదటి దశ: ఏ చట్టం ఎక్కడ వర్తిస్తుందో తేల్చుకోండి

డ్రైవ్‌కు విడిగా వర్తించేవి ముఖ్యంగా రెండు. ఏసీ 50 నుంచి 1000 వోల్టుల మధ్య, డీసీ 75 నుంచి 1500 వోల్టుల మధ్య పనిచేసే పరికరాల భద్రతకు సంబంధించిన లో వోల్టేజ్ డైరెక్టివ్ 2014/35/ఈయూ ఒకటి; విద్యుదయస్కాంత జోక్యాన్ని అదుపులో ఉంచే ఈఎంసీ డైరెక్టివ్ 2014/30/ఈయూ మరొకటి. డ్రైవ్‌ను యంత్రంలో భాగంగా పంపుతున్నట్లయితే ఆ మొత్తం యంత్రానికి మెషినరీ డైరెక్టివ్ 2006/42/ఈసీ వర్తిస్తుంది. 2027 జనవరి 20 నుంచి దాని స్థానంలో మెషినరీ రెగ్యులేషన్ 2023/1230 అమలులోకి వస్తుంది కనుక, ఆ తేదీ తరువాత మార్కెట్‌లోకి వెళ్లే యంత్రానికి ఇప్పటినుంచే కొత్త నిబంధనల ప్రకారం కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది. వీటికి తోడు ఎకోడిజైన్ రెగ్యులేషన్ 2019/1781 ప్రకారం 0.12 నుంచి 1000 కిలోవాట్ల మోటార్లను నడిపే డ్రైవ్‌లు 2021 జులై 1 నుంచి ఐఈ2 అనే విద్యుత్ సామర్థ్య శ్రేణిలో ఉండాలి. గోదాములో మిగిలిపోయిన పాత మోడల్‌ను కొత్త యంత్రంలో పెట్టే ముందు ఈ విషయం చూసుకోండి.

చట్టం ఏం సాధించాలో చెబుతుంది, ఎలా సాధించాలో ప్రమాణాలు చెబుతాయి. మీ బల్ల మీద ఎప్పుడూ ఉండవలసినవి ఇవి (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం): డ్రైవ్ విద్యుత్ భద్రతకు ఈఎన్ 61800-5-1, దాని ఈఎంసీకి ఈఎన్ 61800-3, భద్రతా విధులకు ఈఎన్ 61800-5-2, యంత్రం విద్యుత్ పరికరాలకు ఈఎన్ 60204-1. భవనం వైరింగ్ వరకు వచ్చేసరికి ఒక్కో దేశానికి సొంత నియమావళి ఉంటుంది: జర్మనీలో డీఐఎన్ వీడీఈ 0100, ఫ్రాన్స్‌లో ఎన్ఎఫ్ సీ 15-100, ఇటలీలో సీఈఐ 64-8. మీ బాధ్యత యంత్రం ప్రధాన స్విచ్ దగ్గర ముగుస్తుందా, కర్మాగారం పంపిణీ బోర్డు వరకు వెళుతుందా అన్నది కొనుగోలు ఒప్పందంలోనే రాతపూర్వకంగా తేల్చుకోండి.

రెండో దశ: స్థలం వివరాలు ముందే తెప్పించుకోండి

డ్రైవ్‌కు ఆర్డరు పెట్టకముందే కొనుగోలుదారుకు ఒక ప్రశ్నావళి పంపండి. సరఫరాను ఎర్త్ చేసిన పద్ధతి టీఎన్-ఎస్ (ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి నుంచే విడి ఎర్త్ వైరు వచ్చేది) రకమా, టీటీ (స్థలంలో సొంత ఎర్త్ ఉండేది) రకమా, ఐటీ రకమా? ప్యానెల్ దగ్గర షార్ట్ సర్క్యూట్ కరెంటు ఎంత? కర్మాగారానికి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, లేక ఇళ్లకు వెళ్లే లో వోల్టేజ్ లైను నుంచే సరఫరా తీసుకుంటున్నారా? పైన లీకేజీ రక్షణ పరికరం ఏ రకానిది? గది ఉష్ణోగ్రత, సముద్రమట్టం నుంచి ఎత్తు ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానం రాకుండా చేసే డిజైన్ ఊహ మీద నిలబడినదే అవుతుంది.

వీటిలో ఐటీ రకం సరఫరా ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను నేరుగా ఎర్త్ చేయని ఈ ఏర్పాటు నార్వేలోనూ, ఉత్పత్తి ఆగకూడని కర్మాగారాల్లోనూ కనిపిస్తుంది. డ్రైవ్‌లో అంతర్గతంగా ఉండే ఈఎంసీ ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి ఎర్త్‌కు కలిపి ఉంటాయి. ఐటీ సరఫరాలో ఒక ఫేజు ఎర్త్‌కు తగిలినప్పుడు మిగిలిన రెండు ఫేజులు ఎర్త్‌తో పోలిస్తే పూర్తి లైను వోల్టేజీకి చేరతాయి. దానికి తయారుకాని కెపాసిటర్లు దెబ్బతింటాయి, ఇన్సులేషన్ పర్యవేక్షణ పరికరం కూడా తప్పుడు సూచనలు ఇస్తుంది. అందుకే చాలా డ్రైవ్‌లలో ఫిల్టర్‌ను, అధిక వోల్టేజీ నుంచి కాపాడే వారిస్టర్‌ను ఎర్త్ నుంచి వేరుచేయడానికి స్క్రూలు ఉంటాయి. ఏ స్క్రూ తీయాలో మాన్యువల్‌లో చూసి, కరెంటు పూర్తిగా తీసివేసిన తరువాతే తీయండి. ఫిల్టర్ తీసేసిన డ్రైవ్ తన ఈఎంసీ శ్రేణిని కోల్పోతుంది కనుక, ఆ లోటును వేరే ఉపాయంతో ఎలా పూరించారో ఫైలులో రాసి పెట్టాలి.

ఈఎన్ 61800-3 రెండు పరిసరాలను గుర్తిస్తుంది. ఇళ్లూ, ఇళ్లకు వెళ్లే లో వోల్టేజ్ లైను మీద నేరుగా ఆధారపడిన భవనాలూ మొదటి పరిసరం. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పారిశ్రామిక స్థలం రెండో పరిసరం. డ్రైవ్‌లను సీ1 నుంచి సీ4 వరకు నాలుగు ఈఎంసీ శ్రేణులుగా విభజిస్తుంది. సీ1 శ్రేణి డ్రైవ్‌ను మొదటి పరిసరంలో ఎక్కడైనా వాడవచ్చు. సీ2 డ్రైవ్‌ను అదే పరిసరంలో వాడాలంటే అది స్థిరంగా బిగించినదై, నిపుణులే అమర్చినదై ఉండాలి. సీ3 రెండో పరిసరానికే పరిమితం. 1000 వోల్టులు లేదా 400 ఆంపియర్లు, అంతకు మించిన వాటికీ, సంక్లిష్టమైన వ్యవస్థలకూ సీ4 వర్తిస్తుంది. అందులో ఈఎంసీ ప్రణాళికను రాతపూర్వకంగా తయారుచేయాలి. మన ఉదాహరణలో కర్మాగారానికి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే సీ3 సరిపోతుంది. పక్కనే నివాసాలుండి అదే లైను పంచుకుంటున్నట్లయితే సీ2 కావాలి. ధర తేడా చూసి సీ3తో సరిపెట్టి, తరువాత పొరుగువారి ఫిర్యాదుతో అదనపు ఫిల్టర్ వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి.

మూడో దశ: ప్యానెల్ లోపలి వేడి, తేమ

డ్రైవ్ నష్టాలను స్థూలంగా మూడు శాతంగా తీసుకుంటే మన 22 కిలోవాట్ల పరికరం పూర్తి లోడులో సుమారు 660 వాట్ల వేడి వదులుతుంది. రంగు వేసిన ఉక్కు పెట్టె చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు సుమారు 5.5 వాట్లను మాత్రమే బయటికి పంపగలదు. మూడు చదరపు మీటర్ల ఉపరితలం, పది డిగ్రీల తేడా ఉంటే 165 వాట్లు. మిగిలినది ఫ్యాన్ మోయాలి. గంటకు కావలసిన గాలి ఘనపు మీటర్లలో తెలియాలంటే వాట్లను 3.1తో గుణించి ఉష్ణోగ్రత తేడాతో భాగించండి: 660 వాట్లకు, పది డిగ్రీలకు సుమారు 205 వస్తుంది. గోడల ద్వారా పోయే వేడిని లెక్కలో చేర్చకుండా ఈ అంకెతోనే ఫ్యాన్‌ను ఎంచుకోవడం మేలు. వడపోత గుడ్డకు దుమ్ము పట్టినప్పుడు ఆ మిగులే కాపాడుతుంది. డ్రైవ్ పైనా కిందా మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి, ఒక డ్రైవ్ వదిలిన వేడిగాలిని దాని పైనున్న మరో డ్రైవ్ పీల్చుకునేలా ఎప్పుడూ అమర్చకండి.

ఐపీ20 (ఐపీ సంఖ్య దుమ్ము, నీటి నుంచి రక్షణ స్థాయిని తెలుపుతుంది) డ్రైవ్‌లు సాధారణంగా రెండో కాలుష్య స్థాయికి తయారవుతాయి. అంటే లోపల పొడి దుమ్ము, అదీ విద్యుత్తును మోసుకెళ్లనిది మాత్రమే ఉండవచ్చు. తేమ బిందువులు ఎప్పుడో ఒకసారి, పరికరం ఆగి ఉన్నప్పుడు మాత్రమే ఏర్పడవచ్చు. కర్మాగారం అంతస్తులో అటువంటి వాతావరణం దొరకడం అరుదు కాబట్టి ఐపీ54 పెట్టె వాడడం మామూలు పద్ధతి. సముద్రం మీద వారాల తరబడి ప్రయాణం చేసి చలిదేశంలో దిగిన ప్యానెల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. తేమను పీల్చే సంచులు పెట్టి, గాలి చొరబడని పొరతో చుట్టి పంపండి. అక్కడ ప్యానెల్ గది ఉష్ణోగ్రతకు చేరి, లోపల పూర్తిగా పొడిగా ఉందని చూసిన తరువాతే కరెంటు ఇవ్వండి. చాలాకాలం కరెంటు లేకుండా నిల్వ ఉన్న డ్రైవ్‌లో డీసీ కెపాసిటర్లకు నెమ్మదిగా వోల్టేజీ పెంచుతూ తిరిగి శక్తినిచ్చే ప్రక్రియ అవసరం కావచ్చు. ఎంతకాలం దాటితే, ఏ విధంగా చేయాలన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

నాలుగో దశ: చేయి పెట్టే ముందు

జర్మనీలో విద్యుత్ పని చేయడానికి ఎలెక్ట్రోఫాఖ్‌క్రాఫ్ట్ అనే అర్హత ఉన్న వ్యక్తికే అనుమతి, లేదా అటువంటి వ్యక్తి పర్యవేక్షణలో చేయాలి. మన దగ్గర ఎంత అనుభవమున్నా అక్కడి కర్మాగారం ఆ బాధ్యుడెవరో అడుగుతుంది, ముందే మాట్లాడుకోండి. అక్కడ ప్రతి విద్యుత్ కార్మికుడికీ నోటికి వచ్చే ఐదు నియమాలు ఇవి, ఇదే వరుసలో: సరఫరా నుంచి పూర్తిగా వేరుచేయాలి, మరొకరు తిరిగి వేయకుండా తాళం వేయాలి, వోల్టేజీ లేదని రెండు ధ్రువాల పరీక్ష పరికరంతో నిర్ధారించాలి, ఎర్త్ చేసి షార్ట్ చేయాలి, పక్కన ఇంకా కరెంటు ఉన్న భాగాలుంటే వాటిని కప్పాలి.

డ్రైవ్ దగ్గర మూడో నియమానికి ఒక అదనపు అర్థం ఉంది. 400 వోల్టుల సరఫరాను రెక్టిఫై చేసినప్పుడు లోపలి డీసీ బస్ (కెపాసిటర్లు కలిపి ఉండే డీసీ భాగం) మీద సుమారు 565 వోల్టులు నిలుస్తాయి. ప్రధాన స్విచ్ తీసేసిన తరువాత కూడా ఆ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత శక్తి కొన్ని నిమిషాల పాటు మిగిలే ఉంటుంది. డిస్‌ప్లే ఆరిపోవడం దానికి గుర్తు కాదు. పరికరం మీద రాసిన నిరీక్షణ సమయం పూర్తయ్యాక, డీసీ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి చూసి, 60 వోల్టుల కంటే తక్కువ ఉందని తెలిశాకే టెర్మినల్ మూత తీయండి. కరెంటు తీసిన ఐదు సెకన్లలో 60 వోల్టులకు దిగని భాగాలున్న చోట, ఎంతసేపు ఆగాలో తెలిపే హెచ్చరిక పట్టీ పెట్టె మీద ఉండాలని ఈఎన్ 60204-1 నిర్దేశిస్తోంది. ఆ పట్టీ లోపల డ్రైవ్ మీద ఉంటే చాలదు, తలుపు తెరవకముందే కనిపించాలి.

ఐదో దశ: సరఫరా వైపు రక్షణ

ప్రధాన స్విచ్ తీసిన స్థితిలో తాళం వేయగలిగేలా ఉండాలి. దాని హ్యాండిల్ నిలబడే చోటు నుంచి 0.6 మీటర్లకు, 1.9 మీటర్లకు మధ్య ఎత్తులో రావాలి. ఎర్ర హ్యాండిల్, పసుపు నేపథ్యం అత్యవసర ఆపుదలగా కూడా పనిచేసే స్విచ్‌కే ఉంచాలి, మిగతావాటికి నలుపు లేదా బూడిద రంగు.

తరువాత షార్ట్ సర్క్యూట్ లెక్క. 1000 కేవీఏ, ఆరు శాతం ఇంపీడెన్స్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 400 వోల్టుల టెర్మినళ్ల వద్ద సుమారు 24 కిలో ఆంపియర్ల షార్ట్ సర్క్యూట్ కరెంటును ఇవ్వగలదు. మీ ప్యానెల్ నామఫలకం మీద పది కిలో ఆంపియర్లని ఉండి, దాన్ని ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే పెడితే నిబంధన ఉల్లంఘన సంగతి అటుంచి, లోపం వచ్చిన రోజు తలుపు ఊడి ఎగిరే ప్రమాదముంది. డ్రైవ్ మాన్యువల్ ఏ ఫ్యూజు రకం, ఏ గరిష్ఠ రేటింగు వాడితే ఎంత షార్ట్ సర్క్యూట్ కరెంటును తట్టుకుంటుందో పట్టికలో ఇస్తుంది. ఆ పట్టికలో ఫ్యూజు మాత్రమే ఉంటే, అందుబాటులో ఉందని దాని బదులు ఎంసీసీబీ (సర్క్యూట్ బ్రేకర్) పెట్టకండి. డ్రైవ్ లోపలి ఎలక్ట్రానిక్ రక్షణ మోటారు వైపు పనిచేస్తుంది, సరఫరా కేబుల్‌ను కాపాడే పని ఫ్యూజుదే.

లీకేజీ రక్షణ పరికరం విషయంలో పొరపాటు కంటికి కనిపించదు కాబట్టి మరింత శ్రద్ధ కావాలి. మూడు ఫేజుల డ్రైవ్‌లో డీసీ వైపు ఇన్సులేషన్ లోపం వస్తే ఎర్త్‌లోకి నునుపైన డీసీ కరెంటు ప్రవహించగలదు. సాధారణ ఏ రకం పరికరం ఆరు మిల్లీ ఆంపియర్ల వరకు నునుపైన డీసీ ఉన్నా పనిచేస్తుంది. అంతకు మించితే దాని కోర్ సంతృప్తమై, నిజంగా మనిషికి షాక్ తగిలినప్పుడు కూడా ట్రిప్ కాకపోవచ్చు. అందువల్ల లీకేజీ రక్షణ అవసరమైన చోట మూడు ఫేజుల డ్రైవ్‌కు బీ రకమే వాడాలి. అంతేకాదు, బీ రకానికి పైన, అదే దారిలో ఏ రకం పరికరం ఉండకూడదు. ఉంటే కింది డ్రైవ్ వదిలే డీసీ దాన్ని కూడా గుడ్డిదాన్ని చేస్తుంది, ఆ పరికరం మీద ఆధారపడిన ఇతర సర్క్యూట్లు సైతం రక్షణ కోల్పోతాయి. ప్రశ్నావళిలో పైనున్న పరికరం రకం అడగమన్నది ఇందుకే. ఫిల్టర్ ఉన్న పెద్ద డ్రైవ్‌ను 30 మిల్లీ ఆంపియర్ల పరికరం వెనుక పెడితే మామూలు లీకేజీకే అది పదేపదే ట్రిప్ అవుతుంది. ప్లగ్గు బదులు స్థిర కనెక్షన్ ఎంచుకుని, ఫ్యూజుల ద్వారానే నిర్ణీత సమయంలో సరఫరా తెగేలా లూప్ ఇంపీడెన్స్ (లోపం వచ్చినప్పుడు కరెంటు ప్రవహించే దారి మొత్తం అడ్డంకి) లెక్క వేయడం నా దృష్టిలో ఉత్తమమైన దారి.

హార్మోనిక్స్, అంటే డ్రైవ్ వల్ల సరఫరా కరెంటులో వచ్చే వక్రీకరణ గురించి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. ప్రజా లో వోల్టేజ్ లైనుకు కలిపే, ఫేజుకు 16 నుంచి 75 ఆంపియర్ల మధ్య తీసుకునే పరికరాలకు ఈఎన్ 61000-3-12 వర్తిస్తుంది. డ్రైవ్‌లో ఆ వక్రీకరణను తగ్గించే కాయిల్, అంటే డీసీ చోక్ లేకపోతే సరఫరా వైపు లైను రియాక్టర్ అనే కాయిల్ చేర్చండి.

ఆరో దశ: ఎర్తింగ్, వైరు రంగులు

మన దేశంలో ఎరుపు, పసుపు, నీలం రంగుల్ని మూడు ఫేజులకూ, నలుపును న్యూట్రల్‌కూ వాడే అలవాటు చేతికి పట్టేసి ఉంటుంది. యూరప్‌లో ఫేజులు గోధుమ, నలుపు, బూడిద రంగుల్లో ఉంటాయి, న్యూట్రల్ లేత నీలం. అంటే మన న్యూట్రల్ రంగు అక్కడ ఫేజు, మన ఫేజు రంగు అక్కడ న్యూట్రల్. ఈ తేడా ఆ ప్యానెల్ తెరిచే మెయింటెనెన్స్ కార్మికుడి ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి యూరప్ ప్యానెల్‌కు వైరును విడిగా కొని, విడిగా నిల్వ చేసి, షాపులో మిగిలిన చుట్టలతో కలవకుండా చూడండి. ప్యానెల్ లోపల ఈఎన్ 60204-1 సూచించే రంగులు: పవర్ సర్క్యూట్లకు నలుపు, ఏసీ కంట్రోల్‌కు ఎరుపు, డీసీ కంట్రోల్‌కు నీలం, ప్రధాన స్విచ్ తీసినా కరెంటు ఉండే వైర్లకు నారింజ. ఆకుపచ్చ-పసుపు చారల వైరును రక్షణ ఎర్త్‌కు తప్ప దేనికీ వాడకూడదు.

ఫిల్టర్ ఉన్న డ్రైవ్ నుంచి ఎర్త్ వైరులోకి వెళ్లే కరెంటు తరచుగా 3.5 మిల్లీ ఆంపియర్లను దాటుతుంది. దాటినప్పుడు ఈఎన్ 61800-5-1 అదనపు ఏర్పాటు కోరుతుంది: స్థిర కనెక్షన్‌తో పాటు ఎర్త్ వైరు కనీసం 10 చదరపు మిల్లీమీటర్ల రాగిదో 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియందో కావడం, లేదా అదే మందం గల రెండో ఎర్త్ వైరును వేరే టెర్మినల్‌కు కలపడం సాధారణంగా అనుసరించే మార్గాలు. మన 22 కిలోవాట్ల డ్రైవ్‌కు 16 చదరపు మిల్లీమీటర్ల ఫేజు వైరు వాడితే ఎర్త్ వైరు కూడా అంతే ఉంటుంది, సమస్య లేదు. చిక్కు వచ్చేది చిన్న డ్రైవ్‌లతోనే. నాలుగు కిలోవాట్ల డ్రైవ్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేసి, అందులోని ఎర్త్ కోరుతోనే సరిపెడితే, ఆ ఒక్క లగ్గు వదులైన క్షణాన డ్రైవ్ లోహపు ఒళ్లు షాక్ కొట్టే స్థితికి వస్తుంది. ప్రతి డ్రైవ్ ఎర్త్‌నూ విడిగా ఎర్త్ బస్‌బార్‌కు తీసుకెళ్లండి. ఒకదాని నుంచి మరొకదానికి గొలుసుగా కలపకండి.

ఏడో దశ: మోటారు కేబుల్

ఈఎంసీ పరీక్షలో గెలుపు ఓటములు చాలావరకు ఇక్కడే తేలతాయి. డ్రైవ్ అవుట్‌పుట్ వోల్టేజీ సెకనుకు వేల సార్లు, అత్యంత వేగంగా ఎగిసి పడుతుంది. ప్రతి ఎగుడుకూ కేబుల్ కెపాసిటెన్స్ ద్వారా, మోటారు చుట్టల కెపాసిటెన్స్ ద్వారా ఎర్త్‌లోకి కరెంటు తుళ్లుతుంది. ఆ కరెంటు తిరిగి డ్రైవ్‌కు చేరడానికి మనం దగ్గరి దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే అది భవనం ఉక్కు గుండా, పక్కనున్న సెన్సార్ కేబుళ్ల గుండా తన దారి వెతుక్కుంటుంది. షీల్డే ఆ దగ్గరి దారి.

అందుకని మూడు ఫేజులూ సమరూపంగా ఉన్న షీల్డు కేబుల్ వాడి, షీల్డును రెండు చివరలా, చుట్టూ 360 డిగ్రీలూ లోహానికి తాకేలా బిగించండి. మోటారు వైపు ఈఎంసీ గ్లాండుతో, డ్రైవ్ వైపు డ్రైవ్‌కు వీలైనంత దగ్గరలో మౌంటింగ్ ప్లేటు మీద క్లాంపుతో. చాలామంది షీల్డు తీగలను మెలితిప్పి, ఒక లగ్గు వేసి, ఎర్త్ స్క్రూ కింద బిగిస్తారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌కూ మల్టీమీటరుకూ తప్పు దొరకదు. కానీ పది సెంటీమీటర్ల ఆ మెలికకు సుమారు 0.1 మైక్రో హెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. పది మెగాహెర్ట్జ్ వద్ద అది ఆరు ఓములకు మించిన అడ్డంకి. 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు జరిగే కొలతలో ఆ ఆరు ఓములే తేడా చూపిస్తాయి. క్లాంపు కింద రంగు ఉండకూడదు. మౌంటింగ్ ప్లేటు జింకు పూత వేసినదైతే మంచిది. రంగు వేసిన ప్లేటు అయితే బిగించే చోటల్లా గీకి శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా రక్షణ పూత వేయాలి.

మోటారు కేబుల్‌ను సిగ్నల్ కేబుళ్లకు కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, వేరే ట్రేలో వేయండి. దాటక తప్పని చోట లంబకోణంలో దాటించండి. ఫిల్టర్‌కు సరఫరా తెచ్చే శుభ్రమైన వైరును మోటారు కేబుల్ పక్కనే పరిస్తే ఫిల్టర్ చేసిన పనంతా వృథా అవుతుంది. మోటారు దగ్గర మెయింటెనెన్స్ స్విచ్ పెడితే, అది లోహపు పెట్టెలో ఉండి, షీల్డు దాని గుండా తెగకుండా సాగాలి; ప్రధాన కాంటాక్టుల కంటే ముందే తెరుచుకునే సహాయక కాంటాక్టుతో డ్రైవ్‌ను ఆపించాలి.

ఇక మన 60 మీటర్ల పొడవు. మాన్యువల్ పట్టికలో సీ3 శ్రేణికి అనుమతించిన గరిష్ఠ పొడవు దీనికంటే తక్కువైతే బయటి ఫిల్టర్ కావాలి, లేదా డ్రైవ్‌ను మోటారుకు దగ్గరగా జరపాలి. రెండో ఇబ్బంది ప్రతిఫలనం: పొడవైన కేబుల్ చివర వోల్టేజీ అంచు వెనక్కి కొట్టుకుని, మోటారు టెర్మినళ్ల వద్ద 565 వోల్టులు దాదాపు రెట్టింపై 1100 వోల్టులకు చేరవచ్చు. మోటారు ఇన్సులేషన్ ఇన్వర్టర్ వాడకానికి తగినదని, ఐఈసీ 60034-18-41 ప్రకారం దాని స్థాయి ఏమిటో మోటారు తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పాత మోటారును అలాగే ఉంచి కొత్తగా డ్రైవ్ మాత్రమే పెడుతున్నప్పుడు ఆ పత్రం దొరకదు. అప్పుడు వోల్టేజీ ఎగుడు వేగాన్ని తగ్గించే డీవీ/డీటీ ఫిల్టర్ గాని, వోల్టేజీని సైన్ తరంగంగా మలిచే సైన్ ఫిల్టర్ గాని పెట్టక తప్పదు. పెద్ద మోటార్లలో బేరింగుల గుండా కరెంటు ప్రవహించి వాటిని తినేస్తుంది కనుక, మోటారులో లోడుకు కలపని వైపు (నాన్-డ్రైవ్ ఎండ్) ఇన్సులేషన్ చేసిన బేరింగు అడగండి.

ఎనిమిదో దశ: ఆపడం, ఆగినది ఆగినట్టే ఉండడం

యంత్రం ప్రమాద విశ్లేషణ పూర్తి చేసి, ఏ ఆపుదలకు ఏ స్థాయి భద్రత కావాలో ఈఎన్ ఐఎస్ఓ 13849-1 ప్రకారం నిర్ణయించాక మాత్రమే వైరింగ్ మొదలుపెట్టాలి. ఆధునిక డ్రైవ్‌లలో ఉండే ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్) విధి మోటారుకు టార్క్ ఇచ్చే పల్సులను రెండు వేర్వేరు దారుల్లో ఆపేస్తుంది. దీనివల్ల మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టదు. అయితే మోటారు టెర్మినళ్ల మీద వోల్టేజీ ఉండవచ్చు. కాబట్టి ఎస్‌టీఓ నొక్కి మోటారు టెర్మినల్ పెట్టె తెరవడం ప్రాణాంతకం. దానికి ప్రధాన స్విచ్ తీసి తాళం వేయవలసిందే. మన ఫ్యాన్ ఎస్‌టీఓ తరువాత చాలాసేపు జడత్వంతో తిరుగుతూనే ఉంటుంది. దాని రెక్కల దగ్గరికి తలుపు ఉంటే, ముందు వేగం తగ్గించి ఆ తరువాత టార్క్ తీసే ఎస్ఎస్1 (సేఫ్ స్టాప్ 1) విధినీ, ఫ్యాన్ ఆగేవరకు తెరుచుకోని తాళాన్నీ జతచేయాలి. వేలాడే బరువుల విషయంలో ఎస్‌టీఓ ఒక్కటే ఉంటే బరువు కిందికి జారుతుంది. యాంత్రిక బ్రేకు తప్పనిసరి.

ఎస్‌టీఓ రెండు దారులనూ ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షించండి. రెండూ ఒకేసారి తెరిచి చూస్తే ఒక దారి షార్ట్ అయి ఉన్నా తెలియదు. కరెంటు పోయి వచ్చినప్పుడు, అత్యవసర బటన్‌ను తిరిగి విడిచినప్పుడు యంత్రం దానంతట అది మొదలుకాకూడదు. డ్రైవ్ పారామీటర్లలో ఆటో రీస్టార్ట్ ఆపి ఉందో లేదో చూడండి. మన దగ్గర కరెంటు కోతల అలవాటు వల్ల ఆ పారామీటరును వేసి ఉంచడం కొన్నిచోట్ల ఆనవాయితీ. యూరప్‌కు పంపే యంత్రంలో దాన్ని తీసి పంపండి.

తొమ్మిదో దశ: పరీక్షలు

ఈఎన్ 60204-1 చెప్పిన క్రమంలోనే సాగండి. ముందు డ్రాయింగుతో వైరింగ్ సరిపోల్చడం. తరువాత ఎర్త్ కొనసాగింపు పరీక్ష, 0.2 నుంచి 10 ఆంపియర్ల మధ్య కరెంటుతో, ప్రతి తలుపూ ప్రతి మోటారు ఒళ్లూ కలిపి. ఆ పైన ఇన్సులేషన్ పరీక్ష: 500 వోల్టుల డీసీతో కనీసం ఒక మెగా ఓము రావాలి. డ్రైవ్‌కు కలిపి ఉంచి మెగ్గర్ వేస్తే లోపలి సెమీకండక్టర్లు పోతాయి. మోటారు కేబుల్‌ను డ్రైవ్ నుంచి విప్పి, మోటారు వైపు విడిగా, సరఫరా వైపు విడిగా కొలవండి. చివరగా కరెంటు తీసి మిగులు వోల్టేజీ ఎంతసేపట్లో 60కి దిగుతుందో కొలిచి, తలుపు మీద పట్టీలో రాసిన సమయంతో పోల్చండి. కొలతలన్నీ తేదీ, మీటరు సీరియల్ సంఖ్య, కొలిచినవారి సంతకంతో నమోదు కావాలి. అంకెలు లేకుండా సరే అని టిక్కు పెట్టిన కాగితాన్ని అక్కడి తనిఖీదారు అంగీకరించడు.

పదో దశ: కాగితాలు

నామఫలకం మీద తయారీదారు పేరు, సీఈ గుర్తు, వోల్టేజీ, ఫేజులు, ఫ్రీక్వెన్సీ, పూర్తి లోడు కరెంటు, షార్ట్ సర్క్యూట్ రేటింగు, ప్రధాన డ్రాయింగు సంఖ్య ఉండాలి. సూచనల పుస్తకం యంత్రం చేరే దేశపు భాషలో ఉండాలి. జర్మనీకి ఇంగ్లిషు పుస్తకం ఒక్కటే పంపితే సరిపోదు. తయారీదారు యూరోపియన్ యూనియన్ బయట ఉన్నప్పుడు, మెషినరీ డైరెక్టివ్ ప్రకారం సాంకేతిక ఫైలు కూర్చడానికి అధికారమున్న, యూనియన్ లోపల నివసించే వ్యక్తి పేరు, చిరునామా అనుగుణ్యత ప్రకటనలో (యంత్రం నిబంధనలకు లోబడి ఉందని తయారీదారు ఇచ్చే పత్రంలో) రాయాలి. హైదరాబాదు నుంచి వెళ్లే యంత్రాల విషయంలో ఈ ఒక్క గడిని ఖాళీగా వదిలేయడం వల్ల పత్రమే చెల్లకుండా పోతుంది. సాంకేతిక ఫైలును పదేళ్లు భద్రపరచాలి. అందులో డ్రైవ్ మాన్యువల్ ఏ సంస్కరణను అనుసరించారో, మోటారు కేబుల్ రకం, పొడవు, ఫిల్టర్ స్క్రూలు ఏ స్థితిలో ఉన్నాయో, షీల్డు క్లాంపుల ఫోటోలు, ఎస్‌టీఓ పరీక్ష ఫలితాలు, చివరి పారామీటర్ల ప్రతి చేర్చండి.

ఏళ్ల తరువాత డ్రైవ్ చెడిపోయి, ఆ మోడల్ దొరకక కొనుగోలుదారు మరో కంపెనీ డ్రైవ్ పెట్టాలనుకుంటాడు. కిలోవాట్లు ఒకటే అయినా లీకేజీ కరెంటు, అనుమతించిన కేబుల్ పొడవు, ఫ్యూజు పట్టిక, ఎస్‌టీఓ స్పందన సమయం వేరుగా ఉంటాయి కనుక రెండో దశ నుంచి తొమ్మిదో దశ వరకు తిరిగి పరిశీలించాలని మీ సూచనల పుస్తకంలోనే ఒక పేరా రాసి పంపండి.